పొట్టి దారం, పొడుగు దారం

"నీ సెంప మీద కాదమ్మా కన్యకా. ఇలగ రా. నా మొగం మీద సూపించు," అంది ఏంజలిన్.

కన్యక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రెండు వారాల కిందట, శనివారం సాయంత్రం, బెంగాల్‌లో తెలుగువాళ్ళుండే ఖరిదాలోని ఇదే బట్టల గోడౌన్‌లో ఎవడో ఆమె తాతయ్య చెన్నకేశవరావు తల మీద ఇనప రాడ్డుతో కొట్టి పారిపోయాడు. తాతయ్యకి టీ పట్టుకొచ్చిన కన్యక గుమ్మం దగ్గర వాణ్ణి ఎదురెదురుగా చూసింది. ముక్కు దాకా చేతిరుమాలు, కనుబొమల దాకా టోపీ. మిగిలిన ఆ కాస్త మొహంలో పిల్లకి గుర్తుండిపోయింది ఒక్కటే, చెంప ఎముక మీద బొటనవేలి గోరంత నల్లటి మచ్చ. ముసలాయన ఆనాటి నుంచీ కళ్ళు తెరవలేదు. కాబట్టి కేసంతా ఆ మచ్చ మీదే నిలబడింది.

టోనికి అలాంటి మచ్చ ఉండేది. ఉండేది అనడం ఎందుకంటే, దాడి జరిగిన తర్వాత సోమవారమే వాడు ఆపరేషన్ చేయించుకుని దాన్ని తీయించేసుకున్నాడు. పైగా ఈ కొట్టుకే ఆటోలో సరుకు తోలేవాడు. ఇన్‌స్పెక్టర్ మాయితీకి ఇంకేం కావాలి? గుర్తు చెరిపేసుకున్నాడన్నాడు, లాకప్పులో పడేశాడు. ఎల్లుండి కోర్టులో నిలబెట్టి జైలుకి పంపేస్తానని కనపడ్డవాడికల్లా చెబుతున్నాడు. వాడి తల్లి సూసన్న నిన్న చర్చి మెట్ల మీద ఏంజలిన్ చేతులు పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు. ఏంజలిన్ రైల్వే రక్షక దళంలో ఎస్సైగా చేసి, పైవాళ్ళతో పడక ఆ ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి, సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్న మనిషి. ఆమె నోటికి భయపడేవాళ్ళు కూడా ఆమె కన్నుకి వంక పెట్టరు.

ఇప్పుడామె ఆ దుండగుడు నిలబడ్డ చోటే, గుమ్మానికి వీపు పెట్టి నిలబడింది. నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతోంది. ఆ రోజూ వెలుగుతూనే ఉందని కన్యక చెప్పింది. పిల్ల నాలుగడుగులు వేసి దగ్గరికొచ్చింది. చెయ్యి తడుముకోకుండా తిన్నగా లేచి ఏంజలిన్ కుడి చెంప మీద ఆగింది.

"ఇక్కడ," అంది. అని, తన చేతిని తనే చూసుకుని తెల్లబోయింది. "కానీ ఇన్‌స్పెక్టర్‌కి నా మొగం మీద సూపించినాను ఆంటీ. ఇటేపు." ఈసారి తన ఎడమ చెంప తాకింది. "ఆయన ఎడమ సెంప అని రాసీసుకున్నాడు."

అద్దంలో చూసుకున్నట్టు చూపించింది, పాపం. ఎదురుగా ఉన్న మనిషి గురించి చెప్పమంటే ఎవరైనా అలాగే చూపిస్తారు. అది అడిగి తేల్చుకోవలసినవాడు పోలీసు. టోని మచ్చ ఎడమ చెంప మీద ఉండేది. పసితనం నుంచీ వాణ్ణి చూస్తున్న ఏంజలిన్‌కి అందులో అనుమానమే లేదు. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఒక్క మాట సరిగ్గా అడక్కపోబట్టి ఒక కుర్రాడు ఇనప చువ్వల వెనక కూర్చున్నాడు.

గోడౌన్ వెనకే ఇల్లు. వచ్చినదాన్ని ముసలాయన్ని చూసి పోదామని లోపలికి నడిచింది. కోల్‌కతా ఆసుపత్రివాళ్ళు ఇక మేం చేసేదేమీ లేదు, ఇంట్లోనే చూసుకోండని నాలుగు రోజుల కిందట పంపించేశారు. ముక్కులో గొట్టం, గొంతు కింద చిన్న రంధ్రం, అందులో ఇంకో గొట్టం. చూసుకోవడానికి ఆయా సెంటర్ నుంచి గిరిబాబు అనే మనిషిని పెట్టుకున్నారు. ఆ గిరిబాబు వరండా మూల గోడవైపు తిరిగి కూర్చుని, మాస్కు కిందికి లాగి, పాలల్లో నానిన ముడీ, అంటే మరమరాలు, చెంచాతో మింగుతున్నాడు. అడుగుల చప్పుడు వినగానే మాస్కు కళ్ళద్దాల దాకా లాక్కుని, అప్పుడు గాని ఇటు తిరగలేదు. పక్కనే కంచంలో వేడి వేడి ఆలూ చాప్, కరకరలాడే బంగాళాదుంప వడ, ముట్టకుండా ఉంది.

నాలుగు రోజులుగా ఇదే వరసట. నాయనమ్మ రోజూ చాప్ వేయించి పెడుతోంది, ఆయన పళ్ళ నొప్పంటూ వదిలేస్తున్నాడు, అని కన్యక గుసగుసగా చెప్పింది. చేతి పని మాత్రం చాలా శుభ్రమట. రోగి దగ్గర మాస్కు తియ్యడట.

ముసలాయన ఎప్పటికైనా లేస్తాడా అని ఏంజలిన్ అడిగింది.

"చెప్పలేం మేడమ్," అన్నాడు గిరిబాబు మెత్తగా. "లేస్తే మాత్రం ముందు చూసేది నేనే."

బాధ్యత తెలిసిన మనిషిలా ఉన్నాడనుకుని ఏంజలిన్ స్కూటర్ ఎక్కింది. తర్వాత ఆ మాట తలుచుకుని తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు.

ప్రేమ్ బజార్ వెనక వీధిలో డాక్టర్ వినీల నర్సింగ్ హోమ్. ఒంటి మీద మచ్చలూ కణితులూ కోసి తియ్యడం, తీసిన చోట గుంట కనపడకుండా పక్క చర్మం జరిపి పూడ్చడం ఆవిడ పని. వైజాగ్‌లో చదువుకుని వచ్చింది. టోనికి ఆపరేషన్ చేసింది ఆవిడే. సూసన్న వసారాలో బెంచీ మీద కూర్చుని బైబిలు ఒళ్ళో పెట్టుకుని ఉంది. పేజీ తిప్పడం లేదు. లోపల డాక్టర్ బల్లకి అటువైపు కాళ్ళు చాపుకుని మాయితీ ముందే దిగబడి ఉన్నాడు.

"రండి దీదీ," అన్నాడు. ఖరిదాలో పుట్టి పెరిగిన బెంగాలీ, తెలుగు మనకంటే జోరుగా మాట్లాడతాడు. "మీ కోసమే ఒక కాయితం తెచ్చినాను. సదూకోండి."

లాబ్ రిపోర్టు. టోని చెంప నుంచి తీసిన ముక్కని పరీక్ష చేసి, ఇది ఏ హానీ లేని మామూలు పుట్టుమచ్చ అని తేల్చారు. మాయితీ దాన్ని వేలితో కొడుతూ కూర్చున్నాడు. కేన్సర్ అని భయపడి తీయించుకున్నానని ఆటోవాడు చెప్పాడు కదా, ఏదీ కేన్సరు, అన్నాడు. హాని లేని మచ్చని ఒక ఆటోవాడు అంత హడావిడిగా, అదీ దాడి జరిగిన వెంటనే ఎందుకు కోయించుకుంటాడన్నాడు.

ఏంజలిన్ గోడౌన్ సంగతి చెప్పింది. కుడి చెంప అంది. మాయితీ నవ్వేశాడు. భయపడ్డ పిల్ల కుడీ ఎడమా ఒకటి చేస్తుంది, కోర్టులో వకీలు రెండు ప్రశ్నలు వేస్తే మళ్ళీ ఎడమ అంటుంది, అన్నాడు. అదీ నిజమే. ఏంజలిన్‌కి తెలుసు. అందుకే మరీ మండింది.

డాక్టర్ వినీల మొహం మాత్రం ఆ రిపోర్టు చూసినప్పటి నుంచీ బాగాలేదు. ఆ మచ్చ ఆరు నెలల్లో రెట్టింపు పెరిగిందని, అంచులు గజిబిజిగా ఉండేవని, గీరుకుంటే రక్తం కారేదని చెప్పింది. టోనికి ఆపరేషన్ తారీఖు ఇచ్చింది దాడికి వారం ముందే. చూసిన వెంటనే ఇది మెలనోమా, అంటే చర్మానికొచ్చే కేన్సర్లలో చెడ్డది, అని తన మనసు చెప్పిందట.

"రిపోర్టు మామూలుదని వస్తే సంతోషించాను. నా కన్ను మొదటిసారి తప్పిందనుకున్నాను," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో సంతోషమేమీ లేదు.

"తారీఖులు ఫోన్లో కూడా మారుతాయి డాక్టర్," అన్నాడు మాయితీ. "ఆడి మీద జాలితో మీరు ముందు తారీఖు సెప్తన్నారని నేను రాస్తే?"

"రాసుకో దాదా. రాయడం నీకు బాగా వచ్చు. అడగడమే రాదు," అంది ఏంజలిన్.

మాయితీ చెవులు ఎర్రబడ్డాయి. రైల్వేలోంచి గెంటేసినవాళ్ళ దగ్గర పాఠాలు నేర్చుకునే ఖర్మ తనకి పట్టలేదన్నాడు. ఏంజలిన్ ఆ మాటని ఈగని తోలినట్టు తోలేసి, కుర్చీ డాక్టర్ వైపు జరుపుకుంది. ఆ రోజు కత్తి పట్టుకున్న దగ్గర నుంచీ ముక్క ఈ గుమ్మం దాటేదాకా ఏం చేశారో ఒక్కటీ వదలకుండా చెప్పమంది.

వినీల చెప్పింది. మత్తు సూది ఇచ్చాను. మచ్చ చుట్టూ గీత గీసి, కాస్త అంచు కలిపి కోశాను. రిపోర్టు రాకుండా పెద్ద పని పెట్టుకోకూడదు కనక టోని గాయాన్ని మామూలుగా దగ్గరికి లాగి కుట్టేశాను. ముక్కకి దారాలు కట్టి, మందు నీళ్ళ సీసాలో వేసి, పేరు రాసిన టేపు అంటించాను.

"దారాలేటి?" అంది ఏంజలిన్.

అది ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ అలవాటే. ఒంటి మీంచి తీసిన ముక్కకి పైనేది, కిందేది ఉండదు. కేన్సర్ ఒక అంచు దాకా పాకి ఉంటే, ఆ అంచు మొహం మీద ఏ వైపుదో లాబ్‌వాళ్ళు చెప్పగలగాలి, అప్పుడే డాక్టర్ అటు మళ్ళీ కోస్తుంది. అందుకని ముక్కకి రెండు నల్ల దారాలు కడతారు. వినీల పద్ధతిలో పొట్టి దారం నుదుటి వైపు, పొడుగు దారం చెవి వైపు. ఎన్ని వందల ముక్కలు కోసినా ఆవిడ ఇది మార్చలేదు. లాబ్‌వాళ్ళు ముక్కని తరిగేముందు ఫోటో తీసి పంపిస్తారు కూడా.

"ఆ ఫోటో సూసినారా?"

వినీల చూడలేదు. రిపోర్టులో భయం లేదని ఉంటే ఫోటో ఎవరు చూస్తారు? ఫోన్ తీసి వెతికి బల్ల మీద పెట్టింది. తెల్ల పళ్ళెంలో చర్మం పైకి ఉండేటట్టు పెట్టిన చిన్న ముక్క, నడుమ నల్లటి మచ్చ. పొట్టి దారం పైకి ఉంది. పొడుగు దారం చూసేవాళ్ళకి ఎడమ చేతి వైపు పడుకుని ఉంది.

ఏంజలిన్ లేచి వెళ్ళి మాయితీ ఎదురుగా నిలబడింది. అతని గడ్డం పట్టుకుని మొహం తిన్నగా తిప్పింది. ఇన్‌స్పెక్టర్ గడ్డం పట్టుకునే ఆడమనిషి ఆ ఊళ్ళో ఇంకొకతి లేదు. అతను విస్తుపోయి కదలకుండా ఉండిపోయాడు.

"నేను నిన్ను ఎదురుగా సూస్తన్నాను దాదా. నుదురు పైన. నాకు ఎడమ సేతివైపున్న నీ సెవి ఏ సెవి?"

మాయితీ చెయ్యి దానంతటదే లేచి తన చెవి పట్టుకుంది. కుడి చెవి.

"టోనిది ఎడమ చెంప," అంది వినీల. "పొడుగు దారం అటువైపు ఉండాలి. ఇది టోని ముక్క కాదు. ఇది కుడి చెంపది."

మాయితీ తేరుకుని, కుట్టుపని చూసి నేరాలు తేలుస్తారా అని ఏదో అనబోయాడు గాని, ఆ మాటలో పస లేదని అతనికే తెలిసిపోయింది. ఆ సోమవారం ఇంకెవరికి కోశారని ఏంజలిన్ అడిగింది. ఒక్కడికే. టోని తర్వాత ఒంటరిగా వచ్చాడు. పేరు తీతు అన్నాడు గాని, ఆ పేరు పెట్టి పిలిస్తే రెండోసారికి గాని పలకలేదని నర్సు ఆ రోజే చెప్పి నవ్విందట. కుడి చెంప ఎముక మీద గోరంత నల్ల మచ్చ. చూస్తే మామూలుదే. వద్దన్నా వినకుండా, ఇవాళే తియ్యాలి, తీసిన గుర్తు కూడా ఉండకూడదని పట్టుబట్టాడు. చెవి ముందు చర్మాన్ని జరిపి తెచ్చి గుంట పూడ్చానని వినీల చెప్పింది. వాడు కుట్లు విప్పించుకుని వెళ్ళాడు, రిపోర్టు కోసం మళ్ళీ రాలేదు.

"రెండు సీసాలూ లాబ్‌కి ఎవరు పట్టుకెళ్ళినారు?"

వినీల తలుపు వైపు చూసింది. చిన్న ఊరి నర్సింగ్ హోముల్లో సీసా పట్టుకెళ్ళే పని రోగి తాలూకు మనుషులదే. అప్పటికే గుమ్మంలో సూసన్న నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో ఏమో.

ఆవిడే పట్టుకెళ్ళింది. ఆ తీతుకి వెనకా ముందూ ఎవరూ లేరు, ఎలాగూ వెళుతున్నావు కదా ఆంటీ, ఇది కూడా ఇచ్చెయ్యమని నర్సు రెండో సీసా చేతిలో పెట్టింది. పరాయి మనిషికి సాయం చేస్తే దేవుడు తన కొడుకుని చూస్తాడనుకుంది సూసన్న. రెండూ ఒకే సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కింది. గోతుల్లో సీసాలు ఒలికాయి. లాబ్ గుమ్మంలో సంచి తెరిచి చూస్తే రెండు టేపులూ ఊడి అడుగున పడి ఉన్నాయి. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు. సిగ్గేసి ఎవరినీ అడగలేదు. సీసాలు కొంగుతో తుడిచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, తోచినట్టు అంటించేసింది.

"ప్రార్థన సేసినాను గదమ్మా," అంది సూసన్న. "తప్పు పోదనుకున్నాను."

ఏంజలిన్ ఆవిడని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. వినీల అప్పటికే కంప్యూటరు తెరిచి, తీతు పేరు మీద ఎవరూ పట్టుకెళ్ళని రిపోర్టు వెతికింది. దానితో వచ్చిన ఫోటో తెరిచింది. అందులో పొడుగు దారం కుడి చేతి వైపుంది. ఎడమ చెంప. మెలనోమా. కింది అంచు దాకా పాకి ఉంది.

చెప్పక తప్పదు కనక చెప్పింది. టోనికి మళ్ళీ కొయ్యాలి, ఈసారి చాలా వెడల్పుగా. మెడలోని గ్రంథుల్లోకి పాకిందేమో చూడాలి. తీసిన చోట పెద్ద గుంట పడుతుంది, మెడ మీది చర్మం తిప్పి తెచ్చి చెంప కట్టాలి. అది తను చెయ్యగలదు. కానీ ఇప్పటికే రెండు వారాలు పోయాయి. జైలుకి వెళితే ఇంకెన్ని నెలలు పోతాయో.

సూసన్న ఆ తెరని చూస్తోంది. అక్షరాలు రాకపోయినా అదే తన కొడుకు కాగితమని అర్థమయింది.

"ఈ జబ్బు ఉందంటేనే మావోడు ఇంటికొస్తాడా అమ్మా?" అంది. "నేదంటే జైలు. ఉందంటే ఇది. నాను ఏటని ప్రార్థన సెయ్యాలి?"

మాయితీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తల్లి మాట సాక్ష్యంగా నిలబడదని, తీతు దొరికితేనే టోనిని వదలగలనని అన్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. ముసలాయన లేచి వీడేనని వేలు చూపిస్తే ఇంకా మంచిదన్నాడు.

తీతుకి ఏ జాగ్రత్తలు చెప్పి పంపారని ఏంజలిన్ అడిగింది. టోనికి చెప్పినవే. ఎండ తగలకూడదు. మూడు వారాలు గట్టివేవీ నమలకూడదు, నమిలితే జరిపిన చర్మం లాగేసి కుట్టు విచ్చుకుంటుంది.

"ఈ ఊళ్ళో ముడీ మానెయ్యమంటే ఎవరూ వినరు," అంది వినీల. "అందుకని పాలల్లో నానబెట్టుకుని చెంచాతో మింగమంటాను. చాపులు మాత్రం ముట్టుకోవద్దంటాను."

ఏంజలిన్ కుర్చీలోంచి లేచింది. లేచినట్టు ఆమెకే తెలియలేదు. వరండా మూల, గోడవైపు తిరిగిన వీపు. చెంచా. ముట్టని ఆలూ చాప్. కళ్ళద్దాల దాకా లాగిన మాస్కు. కొట్టి పారిపోయినవాడికి ఈ భూమ్మీద భయం ఒక్కటే, ముసలాయన లేచి వీడేనని వేలు చూపించడం. ఆ భయం ఉన్నవాడు ఎక్కడుంటాడు? లేస్తే ముందు తనే చూసే చోట ఉంటాడు.

ఫోన్ అప్పుడే మోగింది. కన్యక. పిల్ల గొంతు సంతోషంతో వణుకుతోంది.

"ఆంటీ, తాతయ్య కళ్ళు తెరిసినారు. ఏటో సెప్పాలని పెదాలు కదుపుతున్నారు. మీకే ముందు సేస్తన్నాను."

"నువ్వెక్కడున్నావు?"

"వరండాలో. గొంతులో గొట్టం శుభ్రం సెయ్యాలి, అందరూ బయటికెళ్ళండని గిరిబాబు గారు లోపల గెడ పెట్టుకున్నారు."

ఏంజలిన్ మాయితీ భుజం పట్టుకుని లాగింది. ఎందుకని అతను అడగలేదు. ఇద్దరూ జీపు వైపు పరిగెత్తారు. ఖరిదా దగ్గరేమీ కాదు.

"కన్యకా, ఇను. భయపడకు. మీ నాన్నని పిలు, వీధిలో ఉన్నోళ్ళందర్నీ పిలు. ఆ తలుపు ఇప్పుడే పగలగొట్టండి. ముందు నువ్వు బాదు. బాదుతూనే ఉండు."

ఫోన్‌లో చెక్క మీద అరచేతుల చప్పుడు వినిపించింది. గిరిబాబు గారూ, గిరిబాబు గారూ అని పిల్ల పిలుస్తోంది. తర్వాత, తలుపుకి అటువైపు నుంచి, అదే మెత్తటి గొంతు.

"ఒక్క నిమిషం అమ్మా. అయిపోవచ్చింది."